గళ్ళ కాగితం మీద గుండె లెక్క

శ్రీకాకుళం జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో 33 ఏళ్ళు ఈసీజీలు తీశాను. చేరిన కొత్తలో మా గదిలో ఉన్నది ఒంటి ఛానెల్ మిషను. వేడెక్కిన సూది కాగితాన్ని తాకుతూ పోతుంటే వెనకాలే నల్లగీత పడేది. ఒక లీడ్ (గుండెను ఒక వైపు నుంచి చూపే గీత) అయ్యాక నాబ్ తిప్పి ఇంకో లీడ్ తీయాలి. కాగితం మీద ఏ అంకే పడేది కాదు. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో మనమే లెక్కగట్టి పెన్సిలుతో రాసిచ్చేవాళ్ళం. ఇప్పటి మిషన్లు పై వరసలోనే అంకె అచ్చువేసి ఇస్తున్నాయి. "అంకె వచ్చేస్తోంది కదా సార్, మళ్ళీ లెక్కెందుకు?" అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. వాళ్ళ కోసం రాసిపెట్టిన మాటలివి. ఈసీజీ తీయించుకునేవాళ్ళకు కూడా కొన్ని పనికొస్తాయి.

1. ముందు కాగితం నడిచిన వేగం చూడండి

మన దగ్గర ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది. చిన్న గడి వెడల్పు ఒక మిల్లీమీటరు, అంటే 0.04 సెకను. అయిదు చిన్న గళ్ళు కలిస్తే ముదురుగీతల పెద్ద గడి, 0.2 సెకను. అయిదు పెద్ద గళ్ళు ఒక సెకను, 300 పెద్ద గళ్ళు ఒక నిమిషం. మిగతా లెక్కంతా ఈ 300 మీదే నిలబడి ఉంది.

మిషనులో వేగాన్ని 50కి మార్చే మీట కూడా ఉంటుంది. ఒక రాత్రి డ్యూటీలో ఆ మీట 50 మీద ఉండిపోయిన సంగతి నేను చూడలేదు. పొరపాటు నాదే. కళ్ళు తిరుగుతున్నాయని వచ్చిన ఒక మాస్టారికి ఈసీజీ తీశాను. ఒక దెబ్బకు లేచే ఎత్తైన ఆర్ మొనకీ తరవాతి ఆర్‌కీ మధ్య ఎనిమిది పెద్ద గళ్ళు. 300ను 8తో భాగిస్తే 37, 38. ఆ అంకె చెప్పగానే క్యాజువాలిటీలో అందరూ కంగారుపడ్డారు. సిస్టరు గుండె వేగం పెంచే ఎట్రోపిన్ సిరంజిలోకి ఎక్కించేసింది కూడా. ఆ సమయంలో పెద్ద డాక్టరుగారు మాస్టారి మణికట్టు పట్టుకుని గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయారు. నిమిషమయ్యాక "76" అన్నారు. కాగితం తీసి చూస్తే అన్ని అలలూ సాగదీసినట్టు వెడల్పుగా ఉన్నాయి. 50 వేగంలో నిమిషానికి 600 పెద్ద గళ్ళు నడుస్తాయి కాబట్టి 600ను 8తో భాగించాలి, 75 వస్తుంది. అప్పటినుంచి కాగితం అడుగున అచ్చయిన వేగం చదవకుండా నేను ఒక్క అంకె కూడా చెప్పలేదు.

2. 300 ఎక్కం నోటికి రావాలి

మూడొందలు, నూటయాభై, నూరు, డెబ్బైఅయిదు, అరవై, యాభై. చిన్నప్పుడు బడిలో రెండో ఎక్కం వల్లించినట్టు దీన్ని వల్లించాలి. ముదురుగీత మీద సరిగ్గా పడిన ఆర్ మొన ఒకటి వెతకండి. దాని తరవాతి ముదురుగీత దగ్గర "మూడొందలు" అనండి, ఆపైన గీతకు "నూటయాభై", ఆ తరవాత "నూరు". అలా అనుకుంటూ పోతే రెండో ఆర్ ఏ గీత దగ్గర పడితే అదే గుండె వేగం.

ఆర్ ఎప్పుడూ గీత మీదే పడదు. ఇదిగో, నా దగ్గరున్న పాత కాగితంలో మొదటి ఆర్ గీత మీద ఉంది. రెండోది నూరు దాటి, డెబ్బైఅయిదుకు ఇంకా సగం గడి దూరంలో ఉంది. "వందకీ డెబ్బైఅయిదుకీ మధ్య" అని వదిలేయకండి. చిన్న గళ్ళు లెక్కపెట్టండి. నిమిషానికి 1500 చిన్న గళ్ళు. ఇక్కడ రెండు ఆర్‌ల మధ్య 17 దాటి, 18వ గడి సగంలో ఉంది. 1500ను 17తో భాగిస్తే 88, 18తో అయితే 83. మధ్యన 86 అని రాయొచ్చు. గుండె వేగంగా కొట్టుకునేటప్పుడు ఈ చిన్న గళ్ళ లెక్క తప్పనిసరి. అక్కడ ఒక్క పెద్ద గడి తేడాతో 300 కాస్తా 150 అవుతుంది మరి.

3. లయ తప్పిన గుండెను ఒక్క సందుతో కొలవకూడదు

పై రెండు లెక్కలూ గడియారంలా కొట్టుకునే గుండెకు మాత్రమే. మా వైపు చిన్నప్పటి కీళ్ళవాత జ్వరంతో గుండె కవాటాలు చెడిన ఆడవాళ్ళు చాలామంది వచ్చేవారు. ముప్ఫై ఏళ్ళకే ఆయాసం. మైట్రల్ కవాటం సన్నబడి, పై గది ఉబ్బి, చివరికి లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోకి పోయేవారు. వాళ్ళ కాగితంలో రెండు ఆర్‌ల మధ్య ఒకచోట రెండు గళ్ళుంటాయి, పక్కనే అయిదు గళ్ళుంటాయి. మొదటి సందు చూసినవాడు 150 అంటాడు, రెండోది చూసినవాడు 60 అంటాడు. ఇద్దరి లెక్కా తప్పే.

అలాంటప్పుడు 30 పెద్ద గళ్ళు, అంటే ఆరు సెకన్ల ముక్క తీసుకుని అందులో ఆర్‌లు లెక్కపెట్టి పదితో హెచ్చించాలి. అంతకంటే మేలైన దారి ఉంది. ఇప్పటి పన్నెండు లీడ్ల కాగితంలో అడుగున పొడుగ్గా నడిచే రెండో లీడ్ గీత మామూలుగా 250 మిల్లీమీటర్లు, పది సెకన్లు. అందులో ఉన్న ఆర్‌లన్నీ లెక్కపెట్టి ఆరుతో హెచ్చించండి. 19 ఉంటే 114. ఒంటి ఛానెల్ మిషనుతో పనిచేసేవాళ్ళు రెండో లీడ్‌ను విడిగా పదిహేను సెకన్లయినా నడపాలి. కాగితం వృథా అని స్టోరువాళ్ళు అంటారు, అననివ్వండి. ఆ గీతను బట్టే డాక్టరుగారు గుండె వేగం తగ్గించే డిజాక్సిన్ పెంచాలా తగ్గించాలా అన్నది చూస్తారు.

4. మణికట్టు మీద వేలు పెట్టకుండా కాగితం చింపి ఇవ్వొద్దు

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. ఈసీజీ చూపించేది గుండెలో నడిచే విద్యుత్తును. గుండె రక్తాన్ని ఎంత నెట్టిందో అది చెప్పదు.

ఒకసారి మందస వైపు నుంచి వచ్చిన ఒక రైతు, "గుండె ఒక దెబ్బ కొట్టి ఒక దెబ్బ మింగేస్తోంది" అన్నాడు. కాగితం మీద 84 వచ్చింది. చెయ్యి పట్టుకుంటే 42 మాత్రమే తగిలింది. మళ్ళీ కాగితం చూశాను. మామూలు దెబ్బ ఒకటి, దాని వెంటే తొందరపడి వచ్చిన వెడల్పు దెబ్బ ఒకటి, తరవాత చిన్న విరామం. చివరిదాకా అదే వరస. ఆ తొందర దెబ్బ వచ్చే వేళకు గుండె గది ఇంకా రక్తంతో నిండలేదు. అందుకే విద్యుత్తు కనిపించింది గానీ నాడి దాకా ఏమీ రాలేదు. ఆయన చెప్పిన మాటే అక్షరాలా కాగితం మీద ఉంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోనూ ఇంతే. ఛాతీ మీద స్టెత్ పెట్టి ఒకరు, మణికట్టు పట్టుకుని ఇంకొకరు ఒకే నిమిషం లెక్కపెడితే రెండు అంకెలకూ తేడా వస్తుంది. రెండూ రాయాలి.

ఇంకొక రోజు మరిచిపోలేనిది. ఒక ముసలాయన మంచం చుట్టూ ఇంటివాళ్ళంతా నిలబడి ఉన్నారు. డాక్టరుగారు మెడ దగ్గర వేలు పెట్టి తల అడ్డంగా ఊపారు. మానిటరు మీద మాత్రం గీత నిదానంగా నడుస్తోంది, 50 దాకా అంకె చూపిస్తోంది. పెద్ద కొడుకు నా చెయ్యి పట్టుకుని, "ఇంకా ఆడతంది గదా బావూ, పోయాడంటారేటి?" అని ఏడ్చాడు. గుండె కండరం కదలడం మానేశాక కూడా విద్యుత్తు కొంతసేపు గీతలు గీస్తూ ఉండొచ్చు. ఆ మాట అతనికి నెమ్మదిగా, చాలాసేపు కూర్చుని చెప్పాల్సివచ్చింది.

5. మిషను అంకె ఎక్కడెక్కడ తప్పుతుందో తెలిసి ఉండాలి

మిషను ఎత్తైన మొనలను ఏరి లెక్కపెడుతుంది. ఆర్ కాని మొన ఏదైనా ఆర్ అంత ఎత్తు లేస్తే దాన్నీ కలిపేసుకుంటుంది.

మా జిల్లాలో ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్ళను ఉద్యోగం పొడుగునా చూస్తూనే ఉన్నాను. కిడ్నీలు పనిచేయకపోతే ఒంట్లో పొటాషియం పెరిగిపోతుంది. అప్పుడు ఆర్ తరవాత వచ్చే టీ అల గుండ్రంగా ఉండాల్సింది పోయి గుడారంలా మొనదేలి పైకి లేస్తుంది. డయాలసిస్ తప్పిపోయిన ఒక కొబ్బరితోట కూలీ కాగితం మీద మిషను 128 వేసింది. గళ్ళు లెక్కపెడితే ఆర్‌కీ ఆర్‌కీ మధ్య అయిదు గళ్ళకు కొంచెం తక్కువ, 64. ప్రతి టీనీ మిషను ఇంకో దెబ్బ అనుకుంది. లెక్క సరిచేసుకుని ఊరుకుంటే చాలదు. అలా లేచిన టీ అలే పెద్ద ప్రమాదం. ఆ పూటే డయాలసిస్‌కు చేర్చాల్సిన మనిషి అతను. మిషను అంకె సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే టీ వంక చూడండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళలో దాని ముల్లును కూడా మిషను ఒక్కోసారి లెక్కలో వేసుకుంటుంది.

రెండో మోసం వణుకు. సీతంపేట ఏజెన్సీ నుంచి చలిజ్వరంతో వచ్చేవాళ్ళకు ఈసీజీ తీస్తే గీతంతా రంపపు పళ్ళలా వచ్చేది. పార్కిన్సన్ జబ్బున్న పెద్దవాళ్ళ చెయ్యి సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు వణుకుతుంది, అంటే నిమిషానికి 240 నుంచి 360. గుండె పై గది 300 వేగంతో కొట్టుకుంటున్నట్టే కనిపిస్తుంది. దానికి నా ఉపాయం ఇది. కుడిచెయ్యి వణుకుతుంటే ఒకటో లీడ్, రెండో లీడ్ పాడవుతాయి. మూడో లీడ్ ఎడమచెయ్యికీ ఎడమకాలికీ మధ్యది కాబట్టి అది శుభ్రంగా ఉంటుంది. లెక్క అక్కడ పెట్టండి. ఫ్యాను ఆపండి, దుప్పటి కప్పండి, చేతులు పిరుదుల కింద పెట్టుకోమనండి. సగం వణుకు అక్కడే పోతుంది.

6. పీ వేరు, క్యూఆర్ఎస్ వేరు: రెండూ లెక్కపెట్టండి

జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పనిచేసే ఒక పెద్దమ్మ రెండు నెలల్లో నాలుగుసార్లు పడిపోయింది. ఇంట్లోవాళ్ళు మూర్ఛ అనుకున్నారు, గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించారు. చివరికి మా దగ్గరికి తెచ్చారు. బల్ల మీద పడుకోబెట్టి తీస్తే, ఆర్ మొన ఉండే క్యూఆర్ఎస్‌ల మధ్య తొమ్మిది పెద్ద గళ్ళు, అంటే 33. అక్కడితో ఆగకుండా పై గది దెబ్బను చూపే పీ అలలు వెతికాను. కాగితం అంచు పీల మీద ఆనించి రెండు చుక్కలు పెట్టి, ఆ ముక్కను పక్కకు జరుపుకుంటూ పోయాను. ప్రతి నాలుగు గళ్ళకూ ఒక పీ. ఒకటి క్యూఆర్ఎస్ లోపల దాక్కుంది, ఇంకొకటి టీ మీద ఎక్కి కూర్చుంది, అయినా వరస తప్పలేదు. పై గది 75, కింది గది 33, ఒకదానికి ఒకటి సంబంధం లేకుండా. పూర్తి హార్ట్ బ్లాక్.

విశాఖ కేజీహెచ్‌కు పంపారు, పేస్‌మేకర్ పెట్టారు. మూడు నెలల తరవాత ఆమె గుప్పెడు జీడిపప్పు కొంగున కట్టుకుని తెచ్చింది. ఇలా కాగితం అంచు మీద చుక్కలు పెట్టి జరపడం నాకు నేర్పింది నా సీనియరు. కాలిపర్ కొనే స్థోమత లేని రోజుల్లో పుట్టిన పద్ధతి, ఇప్పటికీ దీన్ని మించింది నేను చూడలేదు.

7. అచ్చంగా 150 వస్తే అనుమానించండి

భయంతోనో జ్వరంతోనో పెరిగిన వేగం నిమిషం నిమిషానికీ కొద్దిగా మారుతుంది. 138, కాసేపటికి 132, మందు పడ్డాక 120. రెండు గళ్ళకు ఒక ఆర్ చొప్పున 150 దగ్గర నిలబడిపోయి, పది నిమిషాలయినా కదలకపోతే అది ఏట్రియల్ ఫ్లట్టర్ కావొచ్చు. పై గది 300తో తిరుగుతూ, రెంటికి ఒకటి మాత్రమే కిందికి దిగుతుంది. రెండో లీడ్, వీ వన్ లీడ్ డాక్టరుగారికి ప్రత్యేకంగా చూపించండి. పేరు పెట్టడం వారి పని.

8. మనిషిని బట్టి అంకె

పెద్దవాళ్ళకు 60 నుంచి 100 మామూలు. పురిటిబిడ్డకు 140 ఉంటే కంగారు పడకూడదు, 70 ఉంటే పరుగెత్తాలి. మా వైపు కుర్రాళ్ళు సైన్యంలో చేరడానికి తెల్లారకుండానే రోడ్డు మీద పరుగులు తీస్తుంటారు. వాళ్ళ గుండె 48, 50 కొట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. కళ్ళు తిరగడం, ఆయాసం లేనివాడికి అది సాధన వల్ల వచ్చిన నిదానం. అదే 48 బీపీకి ఎటినొలాల్ వాడుతున్న పెద్దాయనలో కనిపిస్తే మందుల చీటీ అడగాలి. పచ్చగన్నేరు విషంతో వచ్చినవాళ్ళలో అయితే ఒక్క కాగితం చాలదు. ఆ విషం డిజాక్సిన్ జాతిది, గంట గంటకూ వేగం పడిపోవచ్చు, బ్లాక్ రావొచ్చు. మళ్ళీ మళ్ళీ తీయాలి.

9. బల్ల మీద పడుకున్న మనిషి బెదిరి ఉన్నాడని గుర్తుంచుకోండి

మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పి, చొక్కా తీసి, చల్లటి జెల్లీ రాయించుకున్న మనిషి గుండె 105 కొట్టుకోదా? అయిదు నిమిషాలు పడుకోనివ్వండి. ఆడవాళ్ళకు తెర వేయండి, పక్కన ఆడమనిషిని ఉంచండి, పమిట తీసినంతసేపే తీసి వెంటనే కప్పండి. సిగ్గుతో బిగుసుకుపోయిన మనిషి గీతలో కండరాల వణుకు తప్ప ఇంకేమీ కనిపించదు. "ఏమీ కాదమ్మా, కరెంటు మన ఒంట్లోంచి కాగితం మీదకే వస్తుంది, కాగితం నుంచి మన ఒంట్లోకి రాదు" అని చెప్పేవాణ్ణి. ఆ మాట వినగానే చాలామంది గట్టిగా ఊపిరి వదిలేవారు. ఆ తరవాత తీసిన కాగితంలో పది, పదిహేను దెబ్బలు తగ్గేవి.

10. మీ అంకె మీద ఇంకో లెక్క ఆధారపడి ఉంది

క్యూ మొదలు నుంచి టీ చివరిదాకా ఉన్న క్యూటీ అనే దూరాన్ని డాక్టర్లు గుండె వేగాన్ని బట్టి సరిచేసుకుంటారు. 1920లో బాజెట్ చెప్పిన సూత్రం అది: క్యూటీని ఆర్‌ల మధ్య కాలం వర్గమూలంతో భాగించాలి. క్యూటీ 0.40 సెకను ఉందనుకోండి. వేగం 60 అయితే అది 0.40గానే ఉంటుంది, భయం లేదు. వేగం 100 అయితే అదే 0.40 కాస్తా 0.52 దాకా పోతుంది. కొన్ని మందులు ఆపేయాల్సినంత ఎక్కువ అది. వేగం మీరు తప్పు రాస్తే అదీ తప్పుతుంది.

11. ఉప్పునీటి బక్కెట్లు

లైడెన్‌లో విల్లెమ్ ఐంథోవెన్ ఈసీజీ మిషను తయారుచేసిన రోజుల్లో రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీటి తొట్లలో పెట్టి కూర్చునేవాడు. మిషను బరువు 270 కిలోల దాకా ఉండేది, నడపడానికి అయిదుగురు కావాలి. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మా ఆసుపత్రిలో జెల్లీ అయిపోయిన రోజుల్లో గాజుగుడ్డ సెలైన్‌లో తడిపి ఎలక్ట్రోడ్ కింద పెట్టేవాళ్ళం. గీత చక్కగా వచ్చేది. ఐంథోవెన్ తొట్టిలో ఉన్నదీ ఆ ఉప్పునీరే కదా అని నేను పిల్లలకు చెప్పేవాణ్ణి. 1905లోనే ఆయన ఆసుపత్రిలోని రోగి గుండె గీతను టెలిఫోన్ తీగ మీద దాదాపు కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు రప్పించుకున్నాడు. ఇప్పుడు మనం ఫోనులో ఫోటో తీసి విశాఖకు పంపిస్తున్నాం. అలా పంపేటప్పుడు కాగితం బల్ల మీద పరిచి, నీడ పడకుండా, నాలుగు అంచులూ, అడుగున ఉన్న వేగం అంకె కూడా వచ్చేలా తీయండి. గళ్ళు కనిపించని ఫోటోలో అవతలివాళ్ళు ఏం లెక్కపెట్టగలరు? పక్కన చేత్తో నాడి అంకె, టైము రాసి పంపండి.

12. ఈసీజీ తీయించుకున్న ప్రతివారికీ ఒక మనవి

ఈ కాగితం వేడితో అచ్చయ్యేది. ఎండ తగిలినా, ప్లాస్టిక్ కవరులో ఏళ్ళతరబడి పెట్టినా గీత వెలిసిపోతుంది. ఛాతీనొప్పితో వచ్చిన మనిషిని డాక్టరు మొదట అడిగేది "పాత ఈసీజీ ఉందా?" అని. సంచిలోంచి తీసి ఇచ్చిన కాగితం తెల్లగా ఉండటం నేను వందలసార్లు చూశాను. తీయించుకున్న రోజే జిరాక్స్ తీయించండి. దాని మీద తేదీ, వేసుకుంటున్న మందుల పేర్లు రాసి, ఆధార్ కార్డు పెట్టుకునే కవరులోనే పెట్టుకోండి.